వానలు పడేలోపు పిల్లలకు ఫ్లూ టీకా: వేయించాలా, ఊరుకోవాలా?

అల్వాల్ అమ్మ · మే 16, రాత్రి 9:42

మా బాబుకు నాలుగేళ్ళు నిండాయి, పాపకు ఐదో నెల. జూన్ 12న బడి తెరిస్తే బాబు యూకేజీకి వెళ్తాడు. కిందటి వానాకాలమంతా వాడికి ముక్కు ఆరిన రోజు లేదు. మొన్న పాపను చూపించడానికి వెళ్తే డాక్టరు గారు బాబుకు ఫ్లూ టీకా వేయించమన్నారు. మొదటిసారి కాబట్టి నాలుగు వారాల తేడాతో రెండు డోసులట, ఆ తర్వాత ఏటా ఒకటట. డోసు ఒక్కోటి రెండు వేలకు కాస్త అటూ ఇటూ.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన "అంత అవసరమైనదైతే ప్రభుత్వమే ఉచితంగా వేసేది కదా" అన్నారు. మా అత్తగారు "రొంపకు టీకా ఏమిటి? మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు" అని తేల్చేశారు. నాకు ఎటూ తేలడం లేదు. మీ ఇళ్ళలో ఏం చేశారు?

నల్లకుంట నాన్న · మే 16, రాత్రి 10:15

మీ బాబు టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. ఇన్‌ఫ్లుయెంజా బి అని ఉంటుంది. నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే వేసేశారు. మళ్ళీ డబ్బు దండగ.

వార్డు సిస్టరు · మే 16, రాత్రి 10:51

నల్లకుంట నాన్న గారూ, ఆ మాట వినని వారం ఉండదు మాకు. కార్డులో ఉన్నది హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి. అది బ్యాక్టీరియా. మెదడు పొరల వాపు, న్యుమోనియా తెస్తుంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ సూదిలో దాని టీకా కలిసి ఉంటుంది. ఫ్లూ తెచ్చేది వైరస్, దాని టీకా వేరు. ఒకప్పుడు ఆ బ్యాక్టీరియా వల్లే ఫ్లూ వస్తుందని పొరబడి ఆ పేరు పెట్టారు, ఇప్పుడు తంటా మనది. కార్డులో ఫ్లూ టీకాకు విడిగా గడి ఉంటే అది ఖాళీగా ఉందో లేదో చూడాలి. చాలా కార్డుల్లో ఆ గడే ఉండదు.

గోదావరి గట్టు · మే 17, ఉదయం 6:30

మేము వానలో తడిసి, బురదలో ఆడి పెరిగిన వాళ్ళం. ఏ టీకా వేశారు మాకు? మా తమ్ముడు వాళ్ళ అమ్మాయికి రెండేళ్ళు వరసగా వేయించాడు, ఆ పిల్లకు రెండేళ్ళూ జ్వరం వచ్చింది. డాక్టరును అడిగితే "అది ఫ్లూ కాదు, వేరే వైరస్" అన్నాడట. ఏ జ్వరం వచ్చినా వేరే వైరస్ అయ్యే పనైతే ఈ టీకా పనిచేసిందో లేదో తేలేది ఎప్పుడు? పిల్లకు ఇక జ్వరం రాదని కాగితం మీద రాసిస్తారా ఎవరైనా?

కాజీపేట డాక్టరు · మే 17, మధ్యాహ్నం 2:20

రాసివ్వం. ఎవరైనా రాసిస్తే ఆ ఆసుపత్రికి వెళ్ళకండి.

గట్టు గారి అనుమానం కొట్టిపారేసేది కాదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పిల్లలకు ఏడాదిలో ఏడెనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. అందులో ఎక్కువ భాగం రైనో, ఆర్‌ఎస్‌వీ, అడినో లాంటి వైరస్‌లవి. ఫ్లూ టీకా వాటి జోలికి పోదు. మీ బాబు ముక్కు కారడం ఆగాలని ఈ టీకా వేయిస్తే నిరాశే మిగులుతుంది. ఇది పిల్లాడిని మంచానికి కట్టేసే అసలు ఫ్లూ కోసం: ఉన్నట్టుండి 103 జ్వరం, ఒళ్ళంతా నొప్పులు, మూసిన కన్ను తెరవకుండా పడుకోవడం. టీకాలోని రకాలు ఆ ఏడాది తిరిగే వైరస్‌తో బాగా కలిసినప్పుడు డాక్టరు దాకా వెళ్ళాల్సిన ఫ్లూను 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది. నూటికి నూరు కాదు. కానీ టీకా వేసుకున్నాక ఫ్లూ వచ్చినా ఆసుపత్రిలో చేరే స్థితి రావడం తగ్గుతుంది. ఐదేళ్ళ లోపు పిల్లల్లో, అందులోనూ రెండేళ్ళ లోపు వాళ్ళలో, నేను చూసుకునేది ఆ రెండో లాభమే.

ఏటా ఎందుకంటే వైరస్ ఏటా వేషం మారుస్తుంది, టీకా బలం కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో, ఏ రకాలు పెట్టాలో చెబుతుంది. మనం ఉన్నది ఉత్తరార్ధగోళమే, అయినా తెలుగు రాష్ట్రాల్లో ఫ్లూ వానలతో పాటు జూలై నుంచి సెప్టెంబరు దాకా పెరుగుతుంది, జనవరి–మార్చిలో మరోసారి తల ఎత్తుతుంది. అందుకే మనకు వేసవిలో వచ్చే దక్షిణార్ధగోళం టీకా బాగా సరిపోతుంది. సూది పడ్డాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. రెండు డోసులు కావలసిన పిల్లాడికి మే నెల మంచి సమయం. ఆగస్టులో ఇంటిల్లిపాదీ దగ్గుతుంటే పరుగెత్తుకొచ్చే వాళ్ళే మా దగ్గర ఎక్కువ.

భారత పిల్లల వైద్యుల సంఘం ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా పిల్లలందరికీ ఏటా వేయించమంటుంది. ఐదు దాటాక ఉబ్బసం, గుండె జబ్బు, మధుమేహం లాంటివి ఉన్న వాళ్ళకు. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు మొదటి ఏడాది మాత్రమే రెండు డోసులు.

గోదావరి గట్టు · మే 17, సాయంత్రం 5:05

సరే, ఒప్పుకున్నాను అనుకోండి. అల్వాల్ అమ్మ గారి భర్త అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. ప్రభుత్వం ఎందుకు ఇవ్వడం లేదు?

వార్డు సిస్టరు · మే 17, రాత్రి 8:12

ఇదే ప్రశ్న విరేచనాలు రాకుండా వేసే రోటా వైరస్ టీకా మీద కూడా అడిగేవారు. 2015లో అది డబ్బున్న వాళ్ళ టీకా. 2016లో మొదటి విడతలోనే ఆంధ్రప్రదేశ్‌లో ఉచితమైంది. టీకా అదే, విరేచనాలూ అవే, మారింది ఖజానా లెక్క. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియాకు వేసే న్యుమోకాకల్ టీకా కూడా అంతే, వేలు పోసి వేయించుకునేవాళ్ళు, 2021లో దేశమంతటా ఉచితం చేశారు. ఆటలమ్మ టీకా నేటికీ ఉచిత జాబితాలో లేదు, అలాగని ఆటలమ్మ రావడం మానేసిందా? ఫ్లూ టీకా ఏటా కొత్తది కొనాలి, ఏటా కోట్ల పిల్లలకు వేయాలి. ప్రభుత్వం ముందు తట్టు, పోలియో, న్యుమోనియా చూసుకుంటుంది. అది తప్పని నేను అనను.

చేతిలో డబ్బు లేని తల్లులకు నేను చెప్పేది ఒకటే. ముందు ఉచితంగా ఇచ్చేవన్నీ ఒక్కటి తప్పకుండా పూర్తి చేయించండి. ఫ్లూ వచ్చి తగ్గుతున్న పిల్లల్లో తర్వాత పట్టుకునే న్యుమోనియాలో న్యుమోకాకస్‌దే పెద్ద చేయి. దాని టీకా మీ వీధి చివర ఆరోగ్య కేంద్రంలో పైసా లేకుండా దొరుకుతుంది.

డాలస్ కోడలు · మే 18, ఉదయం 7:40

ఇక్కడ మా పిల్లలకు సెప్టెంబరులో వేయిస్తాం. గోదావరి గట్టు గారి లాంటి వాళ్ళు ఇక్కడా ఉన్నారు, వాళ్ళకు ఒక్క లెక్క చెబుతాను. 2024–25 సీజనులో అమెరికాలో ఫ్లూతో చనిపోయిన పిల్లలు కనీసం 280 మంది. 2009 మహమ్మారి తర్వాత ఒక్క సీజనులో అంతమంది పోలేదు. టీకా వివరాలు తెలిసిన వాళ్ళలో పదింట తొమ్మిది మందికి ఆ ఏటి టీకా పూర్తిగా పడలేదు. చనిపోయిన వాళ్ళలో సగానికి దగ్గరగా అంతకుముందు ఏ జబ్బూ లేని పిల్లలే.

నా ప్రశ్న వేరు. జూన్ నెలాఖరుకు విజయవాడ వస్తున్నాం, ఆగస్టు దాకా ఉంటాం. కిందటి సెప్టెంబరులో వేయించిన టీకా అప్పటికి పనిచేస్తుందా?

కాజీపేట డాక్టరు · మే 18, మధ్యాహ్నం 1:55

తొమ్మిది నెలలంటే బాగా పలచబడి ఉంటుంది. మీ దగ్గర ఈ నెలల్లో టీకా దొరకడం కష్టం. ఇక్కడికి వచ్చిన వెంటనే మన టీకా ఒక డోసు వేయించవచ్చు, గతంలో పడ్డవాళ్ళు కాబట్టి ఒకటి చాలు. తిరిగి వెళ్ళాక అక్కడి సీజనుది మళ్ళీ వేయించుకోవచ్చు, మధ్యలో నాలుగు వారాలు దాటితే చాలు. వచ్చే ముందు మీ డాక్టరుతో ఒక మాట అనండి.

విమానాల ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నా: 2009లో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొట్టమొదట నిర్ధారణ అయింది హైదరాబాద్‌లోనే, మే నెలలో, అమెరికా నుంచి దిగిన ప్రయాణికుడిలో. ఆ వైరస్, హెచ్1ఎన్1, ఎక్కడికీ పోలేదు. ఇప్పుడది మామూలు సీజనల్ ఫ్లూలో ఒక రకం, ఏటి టీకాలో దానికీ చోటు ఉంటుంది.

రెడింగ్ రాజ్యం · మే 18, సాయంత్రం 6:30

ఇంగ్లండులో పిల్లలకు మామూలుగా సూది ఉండదు, బడిలోనే ముక్కులో చెరో పక్క ఒక తుంపర కొడతారు. ఉచితం. ముందుగా సమ్మతి పత్రం ఇంటికి వస్తుంది. మన శాకాహారులు ఆ పత్రం చివరిదాకా చదవరు. ఆ తుంపర మందులో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. తెలిశాక మా వీధిలో రెండు తెలుగు ఇళ్ళు అసలు టీకాయే మానేశాయి. మానేయక్కరలేదు. జెలటిన్ లేని సూది టీకా అడిగితే ఇస్తారు, పత్రంలోనే ఆ గడి ఉంటుంది. మేము అదే తీసుకుంటాం. పిల్లవాడు ఏడుస్తాడు, ఒక చాక్లెట్‌తో సరిపోతుంది.

నల్లకుంట నాన్న · మే 18, రాత్రి 9:10

కార్డు సంగతి చెప్పినందుకు సిస్టరు గారికి నమస్కారం. మా వాడికి గుడ్డు పడదు, పెదాలు ఉబ్బుతాయి. ఈ టీకా గుడ్లలో తయారవుతుందని విన్నాను. ఇక మాకు తలుపు మూసుకున్నట్టేనా?

కాజీపేట డాక్టరు · మే 18, రాత్రి 10:02

లేదు. గుడ్డు పడని వాళ్ళూ వేయించుకోవచ్చని ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నారు. వేసే ముందు విషయం డాక్టరుకు చెప్పి, వేశాక కాసేపు అక్కడే కూర్చోండి. గతంలో ఇదే ఫ్లూ టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే మాత్రం వద్దు.

మందులషాపు · మే 19, ఉదయం 11:20

కౌంటరు ఇవతలి నుంచి నా మాట కూడా వినండి. టీకా వేయించేటప్పుడు సిరంజి మీద కాదు, డబ్బా మీద చూడండి. ఏ సంవత్సరం, ఏ గోళం అన్నది దాని మీద ముద్రించి ఉంటుంది. గడువు తేదీ ఇంకా మిగిలి ఉందని కిందటి సీజను డబ్బా అంటగట్టే వాళ్ళు ఉన్నారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. మా దగ్గర కొని, బైకు మీద ఎండలో ఇంటికి తీసుకెళ్ళి, సాయంత్రం క్లినిక్కుకు పట్టుకెళ్ళే వాళ్ళను చూస్తే నాకు నోట మాట రాదు. వేసే చోటే ఫ్రిజ్‌లోంచి తీయించుకోండి.

ఇంకొకటి, ఇది నా కడుపుమంట. జ్వరం వచ్చిన రెండో రోజే "అజిత్రోమైసిన్ ఇవ్వండి, పోయినసారి దానితోనే తగ్గింది" అంటారు. ఫ్లూ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం దగ్గు దేశమంతా పట్టుకున్నప్పుడు భారత వైద్య సంఘమే ఇలా వాడొద్దని ప్రకటన ఇచ్చింది. నేను ఇవ్వనంటే పక్క షాపుకు వెళ్తారు. దగ్గు సిరప్ కూడా అంతే. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ సిరప్ తాగి పిల్లలు పోయారు, ఆ వారం నా దగ్గర ఒక్క సీసా అమ్ముడుపోలేదు, నెల తిరిగేసరికి మళ్ళీ మామూలే. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వద్దనీ, ఐదేళ్ళ లోపు సాధారణంగా అక్కరలేదనీ కేంద్రం అప్పుడే చెప్పింది.

జ్వరం మందులో తప్పులు ఇంకా ఎక్కువ. పారాసెటమాల్ సీసాలు మూడు రకాలు. ఒకదానిలో 5 మి.లీ.కు 120 మి.గ్రా., ఇంకోదానిలో 5 మి.లీ.కు 250, చుక్కల మందులో ఒక్క మి.లీ.కే 100. కిలో బరువుకు 15 మి.గ్రా. లెక్కన 12 కిలోల పిల్లకు ఒక మోతాదు 180. మొదటి సీసా అయితే 7.5 మి.లీ., రెండోది అయితే 3.6, చుక్కల మందైతే 1.8 మాత్రమే. "చెంచాడు పోయండి" అని అమ్మమ్మకు చెప్పి ఆఫీసుకు వెళ్ళిపోతే ఏ సీసాలోంచి ఏ చెంచా? సీసా మీద పెన్నుతో మోతాదు రాసి, దానితో వచ్చిన గొట్టంతోనే కొలవండి. రెండు మోతాదుల మధ్య ఆరు గంటలు. ఆస్ప్రిన్ మాత్రం పిల్లల దరిదాపులకు రానివ్వకండి. ఫ్లూలో ఇస్తే కాలేయం, మెదడు దెబ్బతినే రేస్ సిండ్రోమ్ రావచ్చు.

పాలకొల్లు అమ్మమ్మ · మే 19, మధ్యాహ్నం 3:45

నాయనా, సీసాలన్నీ మీవే అనుకుంటే ఎలా? మిరియాల చారు, శొంఠి, తులసి రసంలో తేనె, వాము కర్పూరం మూటకట్టి వాసన చూపించడం. ఐదుగురు మనవలు వీటితోనే పెరిగారు.

వార్డు సిస్టరు · మే 19, సాయంత్రం 4:30

అమ్మమ్మ గారూ, మీ చారుకు నేనే మొదట గిన్నె పట్టుకుంటాను. వేడి చారు, గంజి, మజ్జిగ, ఏది తాగితే అది. జ్వరంలో ఒళ్ళు ఎండిపోకుండా చూడడమే సగం వైద్యం. ఏడాది దాటిన పిల్లకు పడుకునే ముందు అర చెంచా తేనె దగ్గుకు మంచిదే. ఏడాది లోపు పిల్లకు తేనె నాకించొద్దు, బోట్యులిజం అనే విషం పట్టే ప్రమాదం ఉంది. కర్పూరం ఒద్దే వద్దమ్మా. పసిపిల్లలకు ఫిట్స్ తెప్పిస్తుంది, నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికే వస్తుంది. మరిగే నీళ్ళ గిన్నె మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టించడం కూడా. వానాకాలంలో జ్వరం పిల్లలతో పాటు తొడలు కాలిన పిల్లలు కూడా మా వార్డుకు వస్తారు.

పాలకొల్లు అమ్మమ్మ · మే 19, సాయంత్రం 5:10

కర్పూరం మానేస్తాను. చారు మానను.

పిల్లికూతల తండ్రి · మే 20, ఉదయం 8:05

మా అమ్మాయికి ఏడేళ్ళు, ఉబ్బసం. మా నాన్నగారు ఏటా మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం వేయించాలని పట్టుబడతారు. నేను కాదనలేను, పెద్దాయన మనసు నొచ్చుకుంటుంది. కానీ ఇన్‌హేలరు మాననివ్వను. రోజూ రెండు పీల్పులు, నోరు పుక్కిలింత. ఫ్లూ టీకా మూడేళ్ళుగా ఏప్రిల్ నెలాఖరులోనే వేయిస్తున్నాం. అంతకుముందు వానాకాలంలో అర్ధరాత్రి నెబ్యులైజరు కోసం ఆసుపత్రికి ఆటోలో వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు పిల్లికూతలు రావని కాదు, వస్తాయి, ఇంట్లోనే అదుపులోకి వస్తున్నాయి. టీకా వల్లా, ఇన్‌హేలరు క్రమంగా వాడడం వల్లా, వయసు పెరగడం వల్లా? నేను విడదీసి చెప్పలేను. ఆ క్యూలో వేలమంది దగ్గుతూ నిలబడతారు కదా, అందుకే టీకా దానికి ముందే పడేలా చూసుకుంటున్నాను.

మల్కాజిగిరి మాస్టారు · మే 20, రాత్రి 9:00

ఇంత చర్చలో బడి మాట ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. నేను బడిలో పనిచేసేవాడినే. నూరు శాతం హాజరుకు ఏటా పతకం ఇస్తాం. ఆ పతకం కోసం 101 జ్వరంతో, ఉదయం ఆరున్నరకు పారాసెటమాల్ పోసి, పిల్లవాడిని బస్సెక్కిస్తారు. మందు బలం పదకొండింటికి దిగుతుంది. అప్పుడు వాడు బల్ల మీద తల వాల్చి పడుకుంటాడు, ఆ వరసలో మిగతా ఐదుగురూ వాడి పక్కనే డబ్బాలు విప్పి అన్నం తింటారు. వారం తిరిగేసరికి సగం తరగతి ఖాళీ. ఫోను చేసి తీసుకెళ్ళమంటే "ఆఫీసులో మీటింగు ఉంది సార్" అంటారు. వాళ్ళనూ తప్పుపట్టలేను, జీతం కోస్తారు. కానీ పతకం పెట్టిన మా బుద్ధిని మాత్రం తప్పుపడతాను. మా యాజమాన్యానికి రెండుసార్లు రాసి ఇచ్చాను, బల్ల కింద పెట్టారు.

మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే బడికి పంపాలి. ఇంతకన్నా చవకైన రక్షణ ఏ దుకాణంలోనూ దొరకదు.

నిర్వాహకుడు · మే 20, రాత్రి 9:40

రెండు ఆసుపత్రుల పేర్లు, ఒక టీకా కంపెనీ ప్రకటన ఉన్న సందేశాలు తొలగించాను. ధరలు చెప్పండి, దుకాణం పేరు వద్దు.

అల్వాల్ అమ్మ · మే 21, ఉదయం 10:25

అందరికీ ధన్యవాదాలు. మా ఆయన రోటా వైరస్ మాట చదివి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "బాబుకు వేయిద్దాం" అన్నారు. నాకు మిగిలిన బెంగ పాప. ఐదు నెలలే. అన్న బడి నుంచి ఏం మోసుకొస్తాడో తెలియదు. జ్వరం వస్తే ఎప్పుడు పరుగెత్తాలి?

వార్డు సిస్టరు · మే 21, మధ్యాహ్నం 12:15

ఆరు నెలలు నిండేదాకా పాపకు టీకా లేదు. చుట్టూ ఉన్నవాళ్ళే గోడ కట్టాలి: బాబు, మీరు, వీలైతే మీ ఆయన, పాపను ఎత్తుకునే అత్తగారు. పాలిచ్చే తల్లి నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు. గర్భిణిగా ఉన్నప్పుడే వేయించుకుంటే పుట్టిన బిడ్డకు మొదటి నెలల్లో కొంత రక్షణ వస్తుంది. ఇది చదివే గర్భిణులకు చెబుతున్నాను. మీకు జలుబు చేసినా పాలు ఆపొద్దు, మాస్కు కట్టుకుని ఇవ్వండి. బాబు బడి నుంచి రాగానే చేతులు కడిగాకే చెల్లెలిని ముట్టుకోవాలి.

ఎప్పుడు పరుగెత్తాలంటే, ముందు చొక్కా విప్పి డొక్కలు చూడండి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంటే, అదే డొక్కలెగరేయడం, ఇక ఆలోచించొద్దు. పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40, అది దాటితే వేగమే. పాలు పట్టుకోకపోవడం, ఎనిమిది గంటలుగా ఉచ్చ పోయకపోవడం, పెదాలు నీలంగా మారడం, ఫిట్స్, లేపినా మత్తుగా ఉండడం. జ్వరం తగ్గి రెండు రోజులు ఆడుకుని మళ్ళీ జ్వరం, దగ్గు పెరిగితే అది ఇంకా జాగ్రత్త. మూడు నెలల లోపు పిల్లకు జ్వరం వస్తే ఎంతున్నా ఆ పూటే చూపించాలి.

కాజీపేట డాక్టరు · మే 21, సాయంత్రం 6:40

సిస్టరు గారు చెప్పాక నాకు మిగిలింది రెండు ముక్కలు. రెండేళ్ళ లోపు పిల్లలు, ఉబ్బసం లాంటివి ఉన్న పిల్లలు ఫ్లూ అని అనుమానం వస్తే మొదటి 48 గంటల్లోనే డాక్టరును కలవాలి. ఒసెల్టమివిర్ అనే మందు ఆ గడువులో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. డాక్టరు రాస్తేనే.

రెండోది, జ్వరం తగ్గిన మర్నాడు బడి వయసు పిల్లవాడు పిక్కలు పట్టుకుని ఏడుస్తూ, మునివేళ్ళ మీద నడుస్తుంటే తల్లిదండ్రులు పక్షవాతం అనుకుని హడలిపోతారు. ఫ్లూ వైరస్‌లో బి రకం వచ్చి తగ్గాక కండరాలు వాచి ఇలా అవుతుంది, చాలావరకు వారంలో అదే సర్దుకుంటుంది. అయినా ఒకసారి చూపించండి. మూత్రం ముదురు రంగులోకి మారితే ఆలస్యం చేయొద్దు.

గోదావరి గట్టు · మే 21, రాత్రి 8:20

నేను ఇంకా పూర్తిగా మారలేదు. ఏడాదికోసారి రెండు వేలంటే ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఆరు వేలు, అది కూలి ఇంట్లో నెల బియ్యం, పప్పులు. వేయించని తల్లిని బిడ్డ మీద ప్రేమ లేనిదానిగా చూడొద్దు అన్నంతవరకే నా మాట. మా తమ్ముడికి మాత్రం ఈ చర్చ పంపించాను.

అల్వాల్ అమ్మ · మే 24, మధ్యాహ్నం 1:10

నిన్న బాబుకు మొదటి డోసు, నాకూ ఒకటి. డబ్బా అడిగి చూశాను, ఈ ఏటిదే. రాత్రి వాడికి కాస్త ఒళ్ళు వెచ్చబడింది, పొద్దునకు దోసెలు అడిగాడు. రెండో డోసు జూన్ 20కి పడుతోంది. సరిగ్గా ఆ వారం మా ఆడపడుచు గృహప్రవేశానికి కర్నూలు వెళ్ళాలి. మూడు వారాలకే వేయించేయవచ్చా?

వార్డు సిస్టరు · మే 24, మధ్యాహ్నం 2:35

ముందుకు జరపొద్దు, నాలుగు వారాలు నిండాలి. వెనక్కి జరిగినా నష్టం లేదు, మళ్ళీ మొదటి నుంచి వేయక్కరలేదు. కర్నూలు వెళ్ళి రండి, వచ్చిన మర్నాడే వేయించండి. అప్పటికి పాపకు ఆరు నెలలు నిండితే అదే రోజు తనకూ మొదటి డోసు అడగండి.